స్కూలు వదిలాక ఆ మూడు గంటలు: నగరంలోని పేద వాడల్లో పిల్లల కేంద్రం నడపడం ఎలా

స్కూలు గంట కొట్టినప్పటి నుంచి అమ్మానాన్నలు పని ముగించుకుని ఇంటికి చేరేదాకా మూడు నాలుగు గంటలు ఉంటాయి. ఇంట్లో చదువుకునే మూల, అడిగితే చెప్పే మనిషి, పక్కనే ఆడుకునే చోటు ఉన్న పిల్లలకు అవి హాయిగా గడిచిపోతాయి. నగరం నడిమధ్య ఇరుకు గదుల్లో పెరిగే పిల్లలకు మాత్రం రోజంతటిలో కష్టమైనవి ఆ గంటలే. అమెరికా పోలీసు రికార్డులను పరిశీలిస్తే, స్కూళ్లు నడిచే రోజుల్లో మైనర్ల హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగేది అర్ధరాత్రి కాదు, స్కూలు వదిలిన వెంటనే.

ఐదారుగురు మనుషులు, ఒక గది, వారంలో కొన్ని సాయంత్రాలు ఉంటే చాలు, ఆ గంటల్లో చాలా చేయవచ్చు. పెద్ద సంస్థ అక్కర్లేదు. కానీ మొదలుపెట్టినది నిలబడాలి. ఈ వాడల్లోకి బ్యానర్లతో వచ్చి, నాలుగు ఫొటోలు తీసుకుని, మూడు నెలలకు కనబడకుండా పోయినవాళ్లను పిల్లలు ఇప్పటికే చూసి ఉంటారు. వాళ్లు మిమ్మల్ని కూడా ఆ లెక్కలోనే వేసుకుని మొదలుపెడతారు. అందుకే కింద చెప్పిన ప్రతి అడుగులోనూ నేను అడిగేది ఒకటే: ఇది ఏడాది తర్వాత కూడా నడుస్తుందా?

ముందుగా ఒక హెచ్చరిక

మంచి మనసుతో చేసిన పని మంచే చేస్తుందని అనుకోకండి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో ఒక కార్యక్రమం మొదలైంది. 506 మంది మగపిల్లలను ఇద్దరిద్దరుగా జతలు చేసి, ప్రతి జతలో ఒకరికి మాత్రమే సాయం అందించారు. కౌన్సెలర్లు ఇళ్లకు వెళ్లారు, ట్యూషన్లు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. సగటున ఐదేళ్లకు పైగా ఇలా సాగింది. దాదాపు 30 ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, సాయం అందినవాళ్ల పరిస్థితే అందనివాళ్ల కంటే అధ్వానంగా ఉంది. మళ్లీ మళ్లీ నేరాలు, తాగుడు, తొందరగా చావు, అన్నీ వాళ్లలోనే ఎక్కువ. ఆశ్చర్యమేమిటంటే, జవాబిచ్చిన వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆ కార్యక్రమం తమకు మేలు చేసిందనే చెప్పారు.

తర్వాత లోతుగా చూస్తే ఒక సంగతి బయటపడింది. నష్టం ఎక్కువగా కనిపించింది వేసవి శిబిరాలకు ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్లినవాళ్లలో. గొడవలు చేసే కుర్రాళ్లందరినీ ఒకచోట చేర్చి, పెద్దల కన్ను సరిగా లేకుండా వదిలేస్తే, ఒకరి ఆగడాలకు ఇంకొకరు నవ్వుతారు, మెచ్చుకుంటారు. అది వాళ్లకు బడి అవుతుంది. కాబట్టి ‘చెడిపోయిన పిల్లల కోసం ప్రత్యేక బృందం’ అని ఎప్పుడూ పెట్టకండి. అన్ని రకాల పిల్లలూ కలిసి ఉండాలి, ప్రతి గుంపు దగ్గరా ఒక పెద్దమనిషి ఉండాలి.

మొదటి అడుగు: రెండు నెలలు వినండి

గది అద్దెకు తీసుకునే ముందు, పేరు పెట్టుకునే ముందు, వాడలో తిరగండి. ఒకే వేళలో కాదు. పొద్దున స్కూలుకు వెళ్లే సమయం, స్కూలు వదిలే సమయం, దీపాలు పెట్టాక, సెలవు రోజు మధ్యాహ్నం, ఇలా వేర్వేరు వేళల్లో వెళ్లి చూస్తే అదే వీధి నాలుగు రకాలుగా కనిపిస్తుంది.

పిల్లలకు ఒక పెద్ద కాగితం ఇచ్చి వాడ పటం గీయమనండి. ఇష్టమైన చోట్లకు ఒక రంగు, భయమేసే చోట్లకు ఇంకో రంగు. ఏ సర్వే ఫారంలోనూ దొరకని విషయాలు ఆ కాగితం మీద దొరుకుతాయి. ఏ సందు దాటడానికి ఆడపిల్లలు జంకుతారో, ఏ మేడ మీదకు మగపిల్లలు చేరుతారో, ఏ కుక్కకు అందరూ భయపడతారో తెలుస్తుంది. మీరు చూసి పెట్టుకున్న గది ఆ భయం రంగు దాటి వెళ్లాల్సిన చోట ఉంటే, గది మార్చుకోవాల్సిందే.

తల్లులను ‘మీకేం కావాలి’ అని అడిగితే ఎవరూ సరిగా చెప్పలేరు. ‘నిన్న సాయంత్రం మీ బాబు ఎక్కడున్నాడు? ఎవరు చూసుకున్నారు? మీకు ఎప్పుడు టెన్షన్ అనిపించింది?’ అని అడగండి. నిన్నటి రోజు గురించి అడిగితే నిజం వస్తుంది. టీచర్లను, వీధిలో సరుకులు అమ్మేవాళ్లను, ఆరోగ్య కార్యకర్తలను కూడా అడగండి. వాడలో లేనివే కాదు, ఉన్నవి కూడా రాసుకోండి: లెక్కలు చక్కగా చెప్పే డిగ్రీ కుర్రాడు, కుట్టుపని తెలిసిన పెద్దావిడ, మధ్యాహ్నాలు ఖాళీగా ఉండే కమ్యూనిటీ హాలు. పేదవాడ అంటే లోటుల పట్టిక అని అనుకుని వెళ్లేవాళ్లకు ఇవేవీ కంటబడవు.

జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు మహిళలు 1889లో అమెరికాలోని చికాగోలో, వలస కార్మికుల వాడలో హల్ హౌస్ అనే సేవాకేంద్రం మొదలుపెట్టినప్పుడు చేసిన మొదటి పని అక్కడే కాపురం ఉండటం. లండన్‌లో 1884లో మొదలైన ఇలాంటి కేంద్రమే టాయిన్‌బీ హాల్ వాళ్లకు స్ఫూర్తి. పొరుగువాళ్లుగా ఉన్నారు కాబట్టే, పనికి వెళ్లే తల్లుల పసిపిల్లలను చూసుకునే మనిషి లేడన్న సంగతి వాళ్లకు వెంటనే తెలిసింది. హల్ హౌస్ తొలి కార్యక్రమాల్లో పసిపిల్లల బడి ఒకటి అయింది అందుకే.

ఇంకో మాట. ఆ వాడలో ఇప్పటికే ఎవరైనా ఇదే పని చేస్తూ ఉంటే, వాళ్లతో కలవండి. పక్కనే రెండో బోర్డు పెట్టడం వల్ల పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

రెండో అడుగు: ఒక వయసు, ఒక పని

ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా అందరికీ అన్నీ అని మొదలుపెట్టినవి త్వరగా చెదిరిపోతాయి. ఉదాహరణకు 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు, వారానికి నాలుగు సాయంత్రాలు, రోజుకు రెండున్నర గంటలు, 25 మంది. ఇంతే. ఇది ఏడాది సాఫీగా నడిచాక రెండోదాని గురించి ఆలోచించండి. న్యూయార్క్‌లో జెఫ్రీ కెనడా అనే ఆయన నాయకత్వంలో పేరు తెచ్చుకున్న పిల్లల సంస్థ హార్లెం చిల్డ్రన్స్ జోన్ కూడా 1990లలో కొద్దిపాటి వీధులతోనే మొదలైంది. దాదాపు 100 బ్లాకులకు (నాలుగు వీధుల మధ్య ఉండే ఇళ్ల సముదాయం ఒక బ్లాకు) విస్తరించడానికి ఏళ్లు పట్టింది.

మూడో అడుగు: గది

పిల్లలు నడిచి రాగలిగే దూరం, పెద్ద రోడ్డు దాటాల్సిన అవసరం లేకపోవడం, వెలుతురు, తాగునీళ్లు, బయటకు రెండు దారులు. వీటితో పాటు మరుగుదొడ్డి. దీని గురించి కాస్త చెప్పాలి.

నేను సాయం చేసిన ఒక కేంద్రంలో పదేళ్లు దాటిన ఆడపిల్లలు రోజూ మధ్యలోనే లేచి వెళ్లిపోయేవారు. ఇంటిపని ఉంటుందిలే అని అందరం అనుకున్నాం. నెలలు గడిచాక ఒక తల్లి చెప్పింది, మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదట. ఆ పిల్లలు కేంద్రానికి వచ్చే ముందు నీళ్లు తాగడం మానేసి, ఓర్చుకోగలిగినంతసేపు ఓర్చుకుని వెళ్లిపోయేవారు. గడియ బిగించడానికి అరగంట పట్టింది. మాకు తట్టడానికి మాత్రం అన్ని నెలలు పట్టింది. మీరు గది చూసేటప్పుడు పన్నెండేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆమె ఎక్కడ ఆగిపోతుందో గమనించండి.

నాలుగో అడుగు: పిల్లల భద్రత

ఇది సిద్ధం కాకుండా ఒక్కరోజు కూడా తలుపు తెరవకండి. పిల్లలకు హాని చేయాలనుకునేవాళ్లు పిల్లలు ఉండే చోటికే వస్తారు, మంచివాళ్లలాగే వస్తారు. ‘మనకు బాగా తెలిసినవాడే’ అన్న మాట ఎవరికీ పూచీ కాదు.

పనిచేసే ప్రతి ఒక్కరికీ, మీకూ కలిపి, గుర్తింపు పత్రాలు, గతంలో పనిచేసిన చోట విచారణ, వీలున్న చోట పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి. ఏ పెద్ద మనిషీ ఒక పిల్లతోనో పిల్లాడితోనో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. రెండో మనిషి రాకపోతే ఆ రోజు ఆటలు బయట, అందరి కళ్ల ముందు. పిల్లలతో విడిగా ఫోన్ మెసేజులు, ఒక్కరికే బహుమతులు, బండి మీద ఇంటి దగ్గర దింపడం, ఇవేవీ ఉండకూడదు. ఇవన్నీ ఒక పేజీలో తేలిక భాషలో రాసి గోడకు అతికించండి, పిల్లలకు చదివి వినిపించండి. నియమం పిల్లలకు తెలిస్తేనే అది తప్పినప్పుడు వాళ్లు చెప్పగలుగుతారు. ఎవరికి చెప్పాలో కూడా తెలియాలి. అలాంటివాళ్లు ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు మహిళ అయి ఉండాలి.

ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరితో వెళ్లారు అన్నది రోజూ రిజిస్టరులో రాయాలి. ఫొటోల విషయంలో కచ్చితంగా ఉండండి. తల్లిదండ్రుల అనుమతితో పాటు పిల్లల ఇష్టమూ కావాలి. అన్నం పళ్లెం పట్టుకున్న ఫొటో, చిరిగిన చొక్కా ఫొటో విరాళం తెస్తుందేమో గానీ, పదేళ్ల తర్వాత ఆ పిల్లాడి స్నేహితులు దాన్ని చూస్తారు.

ఒక పిల్ల మీ దగ్గరికి వచ్చి తనకు జరిగిన హాని గురించి చెప్పిందనుకోండి. అప్పుడు ఏం చేయాలో ముందే సాధన చేసి ఉంచుకోవాలి. నిదానంగా వినండి. మీ మొహంలో దిగ్భ్రాంతి కనబడనివ్వకండి. ‘నువ్వు చెప్పి మంచి పని చేశావు, ఇందులో నీ తప్పేమీ లేదు’ అనండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, ఎందుకంటే చెప్పాల్సి వస్తుంది. ‘నిన్ను కాపాడటానికి అవసరమైనవాళ్లకు మాత్రమే చెబుతాను’ అనండి. గుచ్చిగుచ్చి ప్రశ్నలు అడగకండి, విచారణ మీ పని కాదు. ఆమె అన్న మాటలను అవే మాటల్లో, తేదీ సమయంతో, అదే రోజు రాసిపెట్టి, మీ దేశపు చట్టం చెప్పిన అధికారులకు అదే రోజు తెలియజేయండి. నిందితుడు మీ సంస్థవాడే అయినా ఇదే పద్ధతి. సంస్థ పరువు గురించి ఆ గదిలో ఎవరైనా ముందుగా మాట్లాడితే, వాళ్లను ఆ చర్చలో కూర్చోనివ్వకండి.

ఐదో అడుగు: మనుషులు

ఇక్కడే కార్యక్రమం నిలబడుతుంది, లేదా కూలిపోతుంది.

ఎర్నెస్ట్ కూల్టర్ అనే కోర్టు గుమాస్తా 1904లో న్యూయార్క్‌లో, కేసుల్లో ఇరుక్కున్న పిల్లలకు తలా ఒక పెద్ద మనిషి తోడుగా ఉండాలని ప్రచారం మొదలుపెట్టాడు. బిగ్ బ్రదర్స్ ఉద్యమం అలా పుట్టింది. దాని వారసురాలైన బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థలోని జతల మీద జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశోధన ప్రతి నిర్వాహకుడూ చదవాల్సింది. ఏడాదికి పైగా తోడు నిలిచిన చోట పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తోడు తెగిపోయిన పిల్లల్లో ఆత్మగౌరవం తగ్గింది. వదిలేసిపోయే పెద్దమనిషి వల్ల పిల్లలకు జరిగే నష్టం నిజమైనది, లెక్కకు అందేది.

కాబట్టి వాలంటీరుగా వచ్చేవాళ్లను ‘వారానికి రెండు సాయంత్రాలు, ఏడాది పాటు రాగలరా’ అని అడగండి. రాలేనివాళ్లు మంచివాళ్లే, వాళ్లకు లెక్కలు రాయడం, పుస్తకాలు సేకరించడం, నిధుల కోసం ఉత్తరాలు రాయడం లాంటి పనులు అప్పగించండి. పిల్లలతో మాత్రం వద్దు. పుట్టినరోజు జరుపుకోవడానికి ఒక పూట వచ్చి వెళ్లే అతిథులను కూడా నేను ఒప్పుకోను.

అసలు పనికి వాడలోనే ఉండే ఇద్దరు ముగ్గురిని జీతం మీద పెట్టుకోండి. పదో తరగతి, ఇంటర్ చదివి ఆగిపోయిన అమ్మాయిలు ఈ పని అద్భుతంగా చేస్తారు. ఏ పిల్ల ఇవాళ ఎందుకు రాలేదో వాళ్లకు అడక్కుండానే తెలుస్తుంది. జీతం తక్కువైనా సరే, నెల తప్పకుండా అందాలి.

ఇంకొకటి, చెప్పిన రోజు తలుపు తెరిచి ఉండాలి. వర్షమని, పండగ మర్నాడని, తాళంచెవి ఉన్నాయన ఊరెళ్లాడని మూసేస్తే పిల్లలు చీకటి పడేదాకా మెట్ల మీద కూర్చుంటారు. రెండుసార్లు అలా జరిగాక మూడోసారి రారు. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉంచండి.

ఆరో అడుగు: ఆ రెండున్నర గంటల్లో ఏం చేయాలి

ముందు కడుపు. ఆకలితో ఉన్న పిల్లలకు అక్షరం ఎక్కదు. చేతులు కడుక్కుని అందరూ కలిసి కూర్చుని తినే పదిహేను నిమిషాలు పాఠం కంటే తక్కువేమీ కాదు, ఇంట్లో ఏం జరుగుతోందో పిల్లలు చెప్పేది అప్పుడే.

తర్వాత కళ్లు. మొదటి నెలలోనే అందరికీ చూపు పరీక్ష చేయించండి. అమెరికాలోని బాల్టిమోర్ నగర స్కూళ్లలో 2,300 మందికి పైగా పిల్లలతో చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. స్కూల్లోనే పరీక్షించి కళ్లజోళ్లు ఇస్తే ఏడాదిలో చదువు మెరుగైంది, అందరికంటే వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ లాభం కలిగింది. కళ్లజోడు విరిగితే మళ్లీ ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. మొద్దు అని పేరు పడ్డ పిల్లాడికి బోర్డు కనబడటం లేదని తేలడం ఈ పనిలో తరచూ ఎదురయ్యే విషయం.

చదువు విషయానికి వస్తే, హోంవర్కు చేయించడంతో మొదలుపెట్టకండి. ఐదో తరగతి పిల్లాడికి రెండో తరగతి కథ చదవడం రాకపోతే, ఐదో తరగతి హోంవర్కు అతను చూసి రాయడం తప్ప ఏం చేయగలడు? 1990ల మధ్యలో ముంబైలో పుట్టిన ప్రథమ్ సంస్థ దీనికి ఒక పద్ధతి తయారుచేసింది. ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ, ఈ వరసలో చదివిస్తారు. ఎక్కడ ఆగితే అదే ఆ పిల్ల స్థాయి. తరగతిని బట్టి కాకుండా ఆ స్థాయిని బట్టి గుంపులు చేసి నేర్పుతారు. ముంబై, వడోదర నగరాల్లో 2001 నుంచి 2003 దాకా స్థానిక యువతులతో వెనకబడ్డ పిల్లలకు విడిగా పాఠాలు చెప్పించినప్పుడు మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఆ అధ్యయనం చేసిన బృందంలోని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలకు 2019లో, మైఖేల్ క్రెమర్‌తో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మీకు కావలసిన సరంజామా నాలుగు కాగితాలు, ఒక నోటుపుస్తకం.

కాబట్టి ఒక సాయంత్రం ఇలా ఉండవచ్చు: తిండి, కబుర్లు పావుగంట, స్థాయి గుంపుల్లో చదవడం ముప్పావుగంట, లెక్కలు అరగంట, మిగతాదంతా ఆట, బొమ్మలు, పాట. ఆటను చివర్లో మిగిలితే చూద్దాం అన్నట్టు చూడకండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటనూ విశ్రాంతినీ పిల్లల హక్కుగా రాసింది. చదువులో వెనకబడ్డారని ఆట కోయడం ఒక రకం శిక్ష.

ఏడో అడుగు: పెద్ద పిల్లలు

పదమూడు దాటినవాళ్లు చిన్నపిల్లల గుంపులో కూర్చోరు. వాళ్లకు వేరే రోజు, వేరే పని కావాలి.

చికాగోలో కుర్రాళ్ల కోసం నడిచే ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో మొదటిరోజు ఒక ఆట ఆడిస్తారు. ఇద్దరిని జత చేసి ఒకరి చేతిలో బంతి పెడతారు. ఆ బంతిని 30 సెకన్లలో తీసుకోమని రెండోవాడికి చెబుతారు. లాగుతారు, మెలిపెడతారు, కలబడతారు. ‘బంతి ఇస్తావా’ అని అడిగేవాడు దాదాపు ఉండడు. అడిగి ఉంటే ఇచ్చేవాడివా అని తర్వాత ఆ మొదటి కుర్రాడిని అడిగితే, ‘ఇచ్చేవాణ్ణే, అదొక బంతేగా’ అంటాడు. కోపం వచ్చిన క్షణానికీ చెయ్యి లేచే క్షణానికీ మధ్య కాస్త ఆగడం నేర్పే ఇలాంటి పనుల వల్ల, కార్యక్రమం నడిచిన కాలంలో హింసాత్మక నేరాల్లో అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయని పరిశోధకులు తేల్చారు. అయితే 2009లో మొదలైన తొలి విడతలో, కార్యక్రమం ఆగిపోయాక అరెస్టుల మీద ఆ ప్రభావం నిలవలేదు. మళ్లీ నిలకడ దగ్గరికే వస్తున్నాం.

అదే నగరంలో 2012 వేసవిలో 8 వారాల పాటు జీతంతో పని ఇప్పించిన ఇంకో ప్రయోగంలో, లాటరీ పద్ధతిలో అవకాశం దొరికిన పిల్లల్లో తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తక్కువగా ఉన్నాయి. చట్టం ఒప్పుకునే వయసు వచ్చినవాళ్లకు సెలవుల్లో గ్రంథాలయంలోనో, తోటపనిలోనో, చిన్నపిల్లలకు చదివి వినిపించే పనిలోనో కొన్ని వారాలు జీతం ఇచ్చి చూడండి. పైసా లేని పిల్లలకు ‘సేవ’ పేరుతో ఉచితంగా పని చేయించకండి.

ఎనిమిదో అడుగు: తల్లిదండ్రులు

ఉపన్యాసాలు వద్దు. పిల్లాడు తప్పు చేసినప్పుడే కబురు పంపడం అసలు వద్దు. నెలకోసారి ఇంటికి వెళ్లి, మీ వాడు ఈ నెల ఇది నేర్చుకున్నాడు అని ఒక మంచి మాట చెప్పి రండి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ అనే చిన్నపిల్లల బడిలో టీచర్లు వారానికోసారి గంటన్నర సేపు ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో కలిసి కూర్చునేవారు. 123 మంది పిల్లలను, అంటే ఆ బడిలో చేరినవాళ్లనూ చేరనివాళ్లనూ, నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించారు. మొదట్లో పెరిగిన ఐక్యూ మార్కులు కొన్నేళ్లకు కరిగిపోయాయి. కానీ పెద్దయ్యాక ఆ బడి పిల్లల సంపాదన ఎక్కువగా, అరెస్టులు తక్కువగా ఉన్నాయి.

తొమ్మిదో అడుగు: లెక్కలు, డబ్బు

కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ పిల్లలు తమకు మేలు జరిగిందనే చెప్పారని గుర్తుంది కదా. పిల్లల చిరునవ్వు, తల్లుల కృతజ్ఞత మనకు బలాన్నిస్తాయి, కానీ అవి కొలతలు కావు. మూడు విషయాలు రాయండి: రోజువారీ హాజరు, మానేసినవాళ్ల పేరు పక్కన కారణం, మూడు నెలలకోసారి చదివే స్థాయి. అన్నిటికంటే ముఖ్యం మానేసినవాళ్ల జాబితా. అందరికంటే కష్టంలో ఉన్న పిల్లలు చప్పుడు లేకుండా జారిపోయేది అక్కడే. రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఎవరైనా ఇంటికి వెళ్లాలి.

డబ్బులో మొదటి వాటా జీతాలకు, తర్వాత అద్దెకు, తిండికి. కంప్యూటర్లు ఇస్తామనే దాతలు ఎక్కువ, జీతం ఇచ్చేవాళ్లు తక్కువ. అయినా జీతమే అడగండి. ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా తలుపు తెరవకండి. నెలనెలా కొద్దికొద్దిగా ఇచ్చే యాభై మంది, ఒక్కసారి పెద్ద మొత్తం ఇచ్చి మర్చిపోయే ఒక్కరి కంటే నయం. ఖర్చుల కాగితం గోడకు అతికిస్తే వాడలో అపోహలు రావు.

ఒకవేళ మూసేయాల్సి వస్తే

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి తప్పదు. అప్పుడు కనీసం రెండు నెలల ముందు పిల్లలకు మీ నోటితో చెప్పండి, కారణం కూడా చెప్పండి. లేకపోతే తమ వల్లే జరిగిందని చిన్నపిల్లలు అనుకుంటారు. ఏ పిల్ల ఎక్కడికి వెళ్లాలో ఒక్కొక్కరికీ విడిగా చూడండి: పక్క వాడలో కేంద్రం, స్కూల్లో ఒక టీచరు, గ్రంథాలయం. ఆ కొత్త చోటికి మొదటిసారి మీరే వెంట వెళ్లండి. చివరి రోజున ఎవరి నోటుపుస్తకం, ఎవరి బొమ్మలు వాళ్లకు ఇచ్చేయండి. ఆ పుస్తకం మొదటి పేజీలో ఆ పిల్ల వచ్చిన రోజు ఏ అక్షరం దగ్గర ఆగిందో, చివరి పేజీలో ఏ కథ చదివిందో తేదీలతో రాసి ఉండాలి.